లక్షను ముగ్గురికి పంచితే

కార్తీకమాసం వచ్చిందంటే, కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంట్ల కింద నేను నడిపే దిండ్ల దుకాణంలోకి సాయంత్రం పూట నేతిలో నానిన దూది కాలే వాసన వస్తుంది. పై అంతస్తుల్లో ఎవరో బాల్కనీలో దీపం పెడతారు. ఆ వాసన మెట్ల మీదుగా కిందికి దిగి, ఫోము ముక్కల వాసనతో, కుట్టుమిషను నూనె వాసనతో కలిసిపోతుంది. ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్లో వత్తులు ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతాయి. మిషను చేసిన వత్తులు, అన్నీ ఒకే పొడవు, ఒకే లావు. అవి చూస్తే నాకు సంతోషం కలగదు, దుఃఖమూ కలగదు. ముక్కుకు వాసన తెలుస్తుంది, అంతే. దాని వెనకాలే ఒక సంఖ్య గుర్తొస్తుంది. లక్ష.

మా చిన్నప్పుడు మేము పటాన్‌చెరులో, పెద్ద ఫ్యాక్టరీ వాళ్ల క్వార్టర్ల ప్రహరీ అవతల ఉండేవాళ్లం. మాది దూదేకే ఇల్లు. నాయన పొద్దున్నే విల్లు భుజానికి తగిలించుకుని వీధుల వెంట తిరిగేవాడు. ఎవరైనా పిలిస్తే వాళ్ల వాకిట్లోనే పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని కుప్ప పోసి, విల్లు నరాన్ని చెక్క గుబ్బతో కొడుతూ కూర్చునేవాడు. ఆ నరం ధుంగ్ ధుంగ్ అని మోగుతుంటే దూది పొగలాగా లేచి ఆయన మీసాల మీద, కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల మీద వాలేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయన ముసలివాడై వచ్చినట్టుండేవాడు, ముఖం కడుక్కున్నాక మళ్లీ మా నాయన అయ్యేవాడు. చలికాలమంతా మా ఇంట్లో అన్నంలోనూ నూగే, మంచినీళ్లలోనూ నూగే. వాగు వైపు నుంచి గాలి తిరిగిన రోజున మందుల కంపెనీల వాసన వచ్చి, అమ్మ చేసిన జొన్నరొట్టె కూడా ఆ వాసనే కొట్టేది. మా ఇంట్లో గడియారం లేదు. ఫ్యాక్టరీ సైరన్ కూస్తే పొయ్యి వెలిగించడం, మళ్లీ కూస్తే తినడం, ఇంకోసారి కూస్తే బిందెలు పట్టుకుని నల్లా దగ్గరికి పరుగెత్తడం.

బడి దగ్గరే ఉండేది గానీ పత్తి వచ్చే కాలం, బడి నడిచే కాలం ఒకటే. తమ్ముణ్ని పంపారు, నన్ను దూది దగ్గర కూర్చోబెట్టారు. దానికి నేను ఏడ్చినట్టు గుర్తు లేదు. చింతగింజలతో వామనగుంతలు ఆడి ఆడి ఇరవై దాకా లెక్క వచ్చింది. ఇరవై దాటిన దేన్నయినా మేము పిల్లలం "మస్తు" అనేవాళ్లం. వాన చినుకులూ మస్తే, షిఫ్టు బస్సులోంచి దిగే మనుషులూ మస్తే, పీర్ల పండుగకు అమ్మ కట్టే మలీద ముద్దలూ మస్తే.

క్వార్టర్లలో మాకు బాగా తెలిసిన ఇల్లు రత్నంగారిది. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. ఆమె భర్తను మేమంతా సారు అనేవాళ్లం. ఫ్యాక్టరీలో మిషన్ల బొమ్మలు గీసే పని ఆయనది. పిల్లలు లేరు. ఇంట్లో సారు చెల్లెలు వనజ ఉండేది, పెళ్లి కాని పిల్ల, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. ఎండాకాలం ఆ ఇంటి వరండాలో ఆవకాయ ముక్కలు ఆరేవి, ఆవపిండి ఘాటుకు వీధిలో పోయేవాళ్లు తుమ్మేవారు. వాన మొదలైన రోజుల్లో పనసపొట్టు కూర వాసన, దీపావళికి మినప సున్నుండల వాసన. రత్నంగారు నా దోసిట్లో సున్నుండ పెట్టి "ఇక్కడే తినెయ్యవే చాందమ్మా, ఇంటికెళ్లేలోపు సగం రాలిపోద్ది" అనేది. నేను అక్కడే తినేదాన్ని.

ఒక ఏడాది సారుకు ఊపిరి అందని జబ్బు వచ్చింది. వరండాలో పేము కుర్చీ వేసి, వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవారు. ఆ దిండ్లు నాయన కుట్టినవే. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి ఆయన కూర్చునే నిద్రపోయేవాడు. ఆస్పత్రికి తీసుకుపోయేవారు, తీసుకొచ్చేవారు. ఉగాది నాటికి రత్నంగారు లక్ష వత్తుల నోము పట్టింది. లక్ష వత్తులు చేత్తో చేసి, కార్తీక పున్నమి రోజున నేతిలో నానబెట్టి ఒక్కసారే వెలిగిస్తే భర్త ఆయుష్షు నిలుస్తుందని పక్క క్వార్టరు పార్వతమ్మగారు చెప్పారు. పార్వతమ్మగారు వాళ్ల ఊరి వైపు ఆవిడే, వయసులో పెద్దది. ఏ నోముకు ఏ నియమమో ఆ వీధికంతటికీ ఆవిడే చెప్పేది.

దూది మా ఇంటి నుంచే వెళ్లింది. మర ఆడించింది పనికిరాదన్నారు. నాయన చేనుకు పోయి పత్తి తెచ్చాడు. అమ్మ గింజ ఒలిచి, ఆకు నలుసు ఏరి, నాయన ఏకిన దూదిని మళ్లీ వేళ్లతో విడదీసి, వత్తికి ఒకటి చొప్పున చిన్న చిన్న పింజలు తీసేది. వేసవి నుంచి రోజూ మధ్యాహ్నం సైరన్ అయ్యాక అమ్మ బుట్ట ఎత్తుకుని వాళ్లింటికి పోయేది, వెనకాల నేను. రత్నంగారు, వనజ, పార్వతమ్మగారు చాప మీద కూర్చుని, వేళ్లకు విభూతి అద్దుకుని, అమ్మ అందించిన పింజను రెండు అరచేతుల మధ్య అలా ఒక్కసారి నలిపితే వత్తి అయ్యేది. నూరు వత్తులకు ఒక దారం కట్ట. కట్టలు ఖాళీ బిస్కట్ల డబ్బాల్లోకి. ఫ్యాను వేస్తే దూది ఎగిరిపోతుందని వేసేవారు కాదు. చెమట, విభూతి, సారు ఛాతీకి రాసే మందు వాసన. ఎవరి మాటలైనా మధ్యలో ఆగితే సారు ఊపిరి వినిపించేది, తడి బట్ట చింపుతున్నట్టు. వెంటనే ఎవరో ఒకరు మళ్లీ మాట్లాడేవారు.

పార్వతమ్మగారి నియమాల్లో ఒకటి గట్టిది. నోములో చెయ్యి కలిపినవాళ్లు సమానంగా చెయ్యాలి. ఒకరు ఎక్కువ చేస్తే ఫలంలో ఎక్కువ వాటా వాళ్లకు పోయి, నోము పట్టినామెకు తక్కువ పడుతుందట. అందుకని ఎవరి కట్టలు వారివే, ఎవరి డబ్బా వారిదే. వనజ ఒకరోజు జ్వరంతో పడుకుంటే మిగిలిన ఇద్దరూ ఆమె లేచేదాకా చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

పున్నమికి ముందు రోజు డబ్బాలన్నీ బోర్లించారు. ఒక్కొక్కరివి మూడువందల ముప్పైమూడు కట్టలు, పైన విడి వత్తులు. ఆ విడి వత్తులన్నీ కలిపి ఆఖరి కట్ట కట్టాలని వనజ లెక్కపెట్టింది. తొంభై తొమ్మిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టింది. అంతే.

"వదినా, ఒకటి ఎగ్గొట్టావు కదూ?"

"నేనెందుకు ఎగ్గొడతానే? నీ బద్ధకమే అయ్యుంటుంది."

పార్వతమ్మగారు ఇద్దర్నీ కసిరి ఎవరివి వాళ్ల ముందు విడదీయించింది. ముప్పైమూడు, ముప్పైమూడు, ముప్పైమూడు. ఎవరివీ తక్కువ లేవు. మరి ఒకటి ఎటు పోయింది? చాప దులిపారు. చీరల కుచ్చిళ్లు దులుపుకున్నారు. డబ్బాల అడుగున చెయ్యి పెట్టి తడిమారు. పార్వతమ్మగారు మా అమ్మ వైపు తిరిగి "నీ బుట్టలో ఏమైనా పడిందేమో చూడవమ్మా" అంటే అమ్మ బుట్ట తిరగేసి చూపించింది. అందులో పింజలే ఉన్నాయి.

అప్పుడు సారు కుర్చీలోంచి చెయ్యి ఎత్తాడు. అందరూ ఆగారు. ఆయన ఒక్కో మాటకు ఊపిరి పోగుచేసుకుని చెప్పాడు. "ఎక్కడికీ పోలేదు. లక్షని మూడుతో భాగిస్తే... ఒకటి మిగులుతుంది. మీరు ముగ్గురు." చెప్పి నవ్వాడు. చాలా రోజుల తరవాత ఆయన నవ్వడం. నవ్వు దగ్గుగా మారి, రత్నంగారు వెళ్లి వీపు రాసింది.

"అయితే మనం తలా ఒకటి ఎక్కువ చేసేద్దాం" అంది వనజ.

"లక్ష అంటే లక్షే. రెండు ఎక్కువైతే అది లక్ష ఎట్లా అవుతుంది?" అంది పార్వతమ్మగారు.

"పోనీ అన్నయ్య చేత చేయిద్దామా?"

"నోరు ముయ్యి. ఎవరి ఆయుష్షు కోసం చేస్తున్నామో వాళ్ల చేతే చేయిస్తారా ఎక్కడైనా?"

ఆఖరికి పార్వతమ్మగారే దారి చెప్పింది. చిన్నపిల్ల చెయ్యి ఎవరి వాటాలోకీ రాదు, ఈ పిల్ల చేత చేయించండి అని నన్ను చూపించింది. రత్నంగారు నన్ను చాప మీద కూర్చోబెట్టి, నా వేళ్లకు తనే విభూతి అద్ది, అమ్మ దగ్గరి నుంచి పింజ తీసి నా అరచేతిలో పెట్టింది. నేను నలిపాను. కొంచెం లావుగా, ఒక కొస మెలిపడి వచ్చింది. "బాగానే ఉందే" అంది రత్నంగారు. దాన్ని తొంభై తొమ్మిదిలో కలిపి దారం చుట్టింది. ఆ రోజు నేను ఇంటికి గంతులు వేసుకుంటూ పోయానని అమ్మ తరవాత చెప్పింది. నాకు గుర్తున్నది వేళ్ల మధ్య విభూతి గరుకు మాత్రమే.

మర్నాడు సాయంత్రం వాళ్ల పెరట్లో తులసికోట ముందు పెద్ద ఇనప మూకుడు పెట్టి, నెయ్యి పోసిన కట్టలు పేర్చి వెలిగించారు. మంట మనిషి ఎత్తు లేచింది. సారును కుర్చీతో సహా మోసుకొచ్చి దూరంగా కూర్చోబెట్టారు. పొగ ఆయన వైపు పోకుండా వనజ తడి దుప్పటి పట్టుకుని నిలబడింది. మేము ప్రహరీ దగ్గరి నుంచి చూశాం. వీధి వీధంతా నెయ్యి వాసన. ఆ పూట కంపెనీల వాసన ఎవరికీ రాలేదు.

మాఘమాసంలో సారు చనిపోయాడు.

ఆ తరవాత నల్లా దగ్గర మాట పుట్టింది. ఎవరు మొదట అన్నారో నాకు తెలియదు, మా దాకా వచ్చింది మాత్రం పార్వతమ్మగారి పేరు మీద. లక్ష నిండలేదట. పరాయి చెయ్యి పడిన ఆ ఒక్క వత్తి నోములోకి రాలేదట, వచ్చి ఉంటే మనిషి దక్కేవాడట. అమ్మ బిందె నింపుకుని వచ్చి దించింది. కొంగుతో మెడ తుడుచుకుంది. నా వైపు చూడకుండానే అంది: "ఇగ ఆ గల్లీకి పోకు బిడ్డా. పిలిచినా పోకు."

ఎవరూ పిలవలేదు. నాయనను కూడా ఆ క్వార్టర్ల వరసలో ఎవరూ కేకెయ్యలేదు. ఆయన విల్లు భుజాన వేసుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాకా నడిచిపోయేవాడు, పరుపులు వెతుక్కుంటూ. సారు ఉద్యోగానికి బదులుగా రత్నంగారికి ఆఫీసులో పని ఇచ్చారని, వేరే క్వార్టరుకు మారిందని విన్నాం. నాకు బాధ వేసిందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. సున్నుండలు లేని దీపావళి ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది, తరవాత అది లెక్కలోకి రాకుండా పోయింది. పెళ్లయింది. సీసాలు కడిగే కంపెనీలో చేశాను, మూతలు బిగించే కంపెనీలో చేశాను. నాయన పోయాడు, విల్లు నరం ఎలుకలు కొరికాయి. అమ్మ కూడా పోయింది. ఆ వత్తి సంగతి అమ్మా నేనూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. మా మహిళా సంఘం వాళ్లు మధ్యాహ్నాల్లో చదువు చెప్పించారు. అఆల కంటే నాకు అంకెలు తొందరగా పట్టుబడ్డాయి. భాగహారం చెప్పిన రోజున టీచరమ్మ, ఎవరికి ఇష్టమైన సంఖ్య వాళ్లు వేసి చూడండి అంది. పక్కనున్నవాళ్లు పదీ ఇరవై వేసుకున్నారు. నేను ఒకటి వేసి పక్కన అయిదు సున్నాలు పెట్టాను. మూడుతో భాగించాను. మూడు మూళ్లు తొమ్మిది, ఒకటి మిగిలింది. సున్నా దించాను, మళ్లీ పది, మళ్లీ మూడు మూళ్లు తొమ్మిది, మళ్లీ ఒకటే. సున్నాలు అయిపోయేదాకా అదే, ఆఖరున ఒకటి. పదిని వేసినా ఒకటే మిగిలింది, నూరును వేసినా, వెయ్యిని వేసినా అంతే. కోటి అయినా అంతేనా అని టీచరమ్మను అడిగాను. "అంతే. సున్నాలు ఎన్ని పెంచినా ఆ ఒకటి పోదు" అంది.

తరవాత ఇంట్లో, దుకాణంలో, దిండ్ల గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో ఇంకా వేశాను. ఆరుగురు పంచుకుంటే నాలుగు మిగులుతాయి. ఏడుగురైతే అయిదు. తొమ్మిదిమంది అయితే తలా పదకొండువేల నూట పదకొండు వచ్చి మళ్లీ అదే ఒకటి. పదకొండుమంది అయితే పది. ఇద్దరికి, అయిదుగురికి, ఎనిమిదిమందికి, పదిమందికి, పదహారుమందికి, ఇరవై అయిదుమందికి ఏమీ మిగలకుండా పోతుంది. ఎందుకట్లా అంటే, రెండును అయిదుసార్లు, అయిదును అయిదుసార్లు వేసి అన్నిటినీ గుణిస్తే లక్ష, అందులో ఇంకే సంఖ్యా దాగి లేదు అని టీచరమ్మ చెప్పింది. రెండ్లనూ అయిదులనూ గుణిస్తే వచ్చేంతమందికే దాన్ని సమానంగా పంచడానికి వస్తుంది. మూడు దానిలో ఎక్కడా లేదు.

నలుగురికి కూడా వేశాను. తలా ఇరవై అయిదు వేలు. శేషం సున్నా. ఆ సున్నాను చూస్తూ కొంతసేపు కూర్చున్నాను. ఎవరో దిండు గలీబులు అడిగితే లేచాను.

పోయిన కార్తీకంలో ఒక ముసలామె దుకాణం ముందు ఆగి బోర్డు చదివింది. చాందమ్మ దిండ్లు, పరుపులు అని నేనే రాసిన బోర్డు అది. లోపలికి వచ్చి నా ముఖంలోకి చూసింది. "హుసేనమ్మ కూతురివి కదూ?" అంది. మాట వినగానే రత్నంగారని తెలిసింది. మనిషి చిక్కిపోయింది, జుట్టు తెల్లబడింది, గొంతు అదే. వనజకు పెళ్లయి ఎటో వెళ్లిపోయిందని, ఇప్పుడు తను ఈ అపార్ట్‌మెంట్లలోనే అక్క కూతురి దగ్గర ఉంటున్నానని చెప్పింది. నేను స్టూలు వేశాను. నీళ్లిచ్చాను. ఆమె తాగలేదు, గ్లాసు ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

"నీకో మాట చెప్పాలే. ఎన్నాళ్ల నుంచో."

"చెప్పమ్మా."

"నువ్వు చేసిన వత్తి నేను వెలిగించలేదు. పున్నమి పొద్దున్నే కట్ట విప్పి తీసేశాను. నాకే భయం వేసింది, ఎవరూ అనలేదు. బదులు ఇంకోటి చేద్దామంటే నా వాటా ఎక్కువైపోద్ది. అలాగే తొంభై తొమ్మిదితో కట్టేశాను. మీ మీద మాట వచ్చినప్పుడు కూడా నోరు విప్పలేదు. ఆ ఒక్కటీ ఉంటే ఆయన ఉండేవాడేమో." ఆగి మళ్లీ అంది. "నువ్వే చెప్పు. ఉండేవాడా?"

నా మీద మాట పడింది ఆ వత్తి కాలినందుకు. ఆమె ఇన్నేళ్లు కుమిలింది అది కాలనందుకు. నాకు కోపం రావలసింది. రాలేదు. బల్ల మీద సుద్దముక్క ఉంది. నల్లటి రెగ్జిన్ ముక్క మీద లక్ష వేసి, మూడుతో భాగించి చూపించాను. "తప్పు వత్తిది కాదమ్మ. ముగ్గురికి పంచితే ఒకటి మిగులుతది. సారు చెప్పిన్రు గదా."

"చెప్పారు" అంది. కళ్లు తుడుచుకుంది.

పక్కన ఇంకో లెక్క వేశాను. "నలుగురైతే మిగలది. సూడుండ్రి."

ఆమె వంగి ఆ సున్నాను చూసింది. "నలుగురుంటే బాగుండేది" అంది. "నాలుగో మనిషి దొరకలేదే మాకు. ముగ్గురమే ఉన్నాం."

"నలుగురున్నరమ్మ."

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసి, వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "నేను. వనజ. పార్వతమ్మగారు." మూడు వేళ్లు మడిచి, నాలుగో వేలిని పట్టుకుని ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నేను చూశాను. "లేదే. ఇంకెవరు?"

నేను మా అమ్మ పేరు చెప్పలేదు. లక్ష పింజలు ఎవరి వేళ్లలోంచి వచ్చాయో అడగలేదు. నోటి దాకా వచ్చి ఆగిందని చెప్పలేను, రానే లేదు. ఆమె రెండు దిండు గలీబులు తీసుకుని, గోడ పట్టుకుని మెల్లగా లిఫ్టు వైపు నడిచింది. సుద్ద గీతలు గుడ్డతో తుడిచి, కత్తిరించాల్సిన రెగ్జిన్ కత్తిరించాను.

ఈ మధ్య పనిమీద పటాన్‌చెరు వెళ్లినప్పుడు ఆ క్వార్టర్ల వైపు తిరిగాను. ఆ వరస కూల్చేశారు, రేకుల కంచె లోపల తుమ్మలు మొలిచాయి. నల్లా లేదు. విల్లు భుజాన వేసుకుని తిరిగే మనుషులు లేరు, ఏకించుకునే దూది పరుపులూ లేవు. పార్వతమ్మగారు ఎప్పుడో పోయారట. ఆ చాప చుట్టూ ఎంతమంది కూర్చున్నారని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఈ దగ్గరలో రత్నంగారూ నేనూ తప్ప ఎవరూ లేరు. ఆమె ముగ్గురని చెబుతుంది.